ఊట దగ్గర రిబ్బన్ కొట్టు

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి టామ్సిన్ పెట్టుబడి ఇది: ఎర్ర శాటిన్ రిబ్బన్ రీలు ఒకటి, కత్తెర ఒకటి, బోర్లించిన ఆపిల్ పెట్టె ఒకటి, వీటికి తోడు పదేళ్ళ నోరు.

అన్నిటిలోకీ విలువైనది నోరే. వ్యాపారంలో సరుకు సగం, నోరు సగం. పాతికేళ్ళుగా కొవ్వొత్తులూ తేనే అమ్ముతున్నవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.

అది బెల్టేన్ పండగ రోజు. మే నెల వచ్చింది కాబట్టి కార్న్‌వాల్‌లో మా గుట్టలన్నీ పచ్చబడ్డాయి. పిల్లలు పొద్దున్నే పచ్చిక మీది మంచుతో ముఖాలు కడుక్కుని, తలకి పూలు చుట్టుకుని మైదానానికి వచ్చారు. సాయంత్రం నెగళ్ళు వెలిగించడానికి కట్టెలు పేర్చి ఉన్నాయి. మా ఊళ్ళో కొందరు చర్చికి వెళ్తారు, కొందరు ఎక్కడికీ వెళ్ళరు. మేం కొద్దిమందిమి మాత్రం ఊట దగ్గరికి వెళ్తాం. మమ్మల్ని పేగన్లు, అంటే పాత మతంవాళ్ళు, అంటారు. మేమూ కాదనం. ఏడాది మలుపు తిరిగిన ప్రతిసారీ మాకు పండగే.

నా దుకాణం మైదానంలో ఉంది. టామ్సిన్ తన కొట్టుని ఊట దారి మొదట్లో పెట్టుకుంది. మంచి చోటు. ఊటకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా దాన్ని దాటే వెళ్ళాలి.

"రండి రండి. ఊట పక్కన మే చెట్టుకి కట్టుకోండి. ఊడదు, చిరగదు, రంగు పోదు," అని అరుస్తోంది.

మొదటి బేరం మా పక్కింటి జోరీది. వాడు టామ్సిన్ క్లాసే. నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నలుగుతూ ఉంటుంది.

"ఎంత?" అన్నాడు.

"డబ్బులొద్దు. జేబులో ఏముందో చూపించు."

"కుంకుమపువ్వు బన్ను. సగం కొరికేశాను."

"కొరకని సగం ఇటివ్వు."

జోరీ కాసేపు ఆలోచించి బన్ను తుంచాడు. టామ్సిన్ రిబ్బన్ కత్తిరించింది.

"ఇంతకీ నీకేం జబ్బురా?"

"ఉలిపిరికాయ. బొటనవేలి మీద. చూడు."

"ఛీ, చూపించకు. వెళ్ళి కట్టుకో. గట్టిగా కట్టు. రెండు ముళ్ళు వెయ్."

తర్వాత బడి పిల్లలు వరసగా వచ్చారు. ఒకరు సముద్రం ఒడ్డున దొరికిన నీలం గాజు పెంకు ఇచ్చారు, ఒకరు సీగల్ ఈక ఇచ్చారు, ఒకరు మంచి గోళీ ఇచ్చారు. చివర్లో బ్రిస్టల్ నుంచి వ్యానులో వచ్చిన పిల్ల ఒకతి వచ్చింది. పేరు హెట్టీ. ఆ పిల్ల జేబులో చిన్న ఇత్తడి గంట తప్ప ఏమీ లేదు. గంట ఇచ్చి రిబ్బన్ తీసుకుంది. సాయంత్రానికి వ్యాను వెళ్ళిపోయింది.

నెగళ్ళు వెలిగించేటప్పుడు టామ్సిన్ ఒళ్ళో పెట్టుకున్న సరుకంతా నాకు చూపించింది.

"రిబ్బన్లు అమ్మాను నాన్నా."

జుట్టుకి కట్టుకునే రిబ్బన్లనుకున్నాను. ఆ రీలు బహుమతి పొట్లాలు చుట్టడానికి నేను తెచ్చిందే. "సరుకు మొత్తం పోయిందా?" అని అడిగాను.

"ఒక్క ముక్క మిగిలింది. అది నేను వాడుకున్నాను."

భేష్ అన్నాను.

*

ఆ ఒక్క ముక్క దేనికో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ, అంటే టామ్సిన్ నానమ్మ, పేరు లవ్‌డే. అంతకుముందు ఆకులు రాలే కాలంలో ఆమెకి పక్షవాతం తగిలింది. గట్టిగా కాదు, తగిలీ తగలనట్టు. మాట తిరిగి వచ్చింది. నడక తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం మూసుకోలేదు.

అది మామూలు చెయ్యి కాదు. ఏటా ఆగస్టులో కొత్త గోధుమల పండగకి మా అందరి రొట్టె ఆ చేత్తో తయారయ్యేది. గోధుమ కట్ట ఆకారంలో, ఒక్కొక్క వెన్నూ విడిగా కనపడేలా చేసేది. ఇప్పుడు ఆ చెయ్యి చెంచా కూడా పట్టదు.

ఊటలో గుడ్డ ముంచి, నొప్పి ఉన్నచోట అద్దుకుని, పక్కనున్న మే చెట్టుకి కట్టడం మా ఆచారం. తెల్లటి పూలు పూసే ముళ్ళ చెట్టు అది. మా అమ్మ కూడా జబ్బు చేసిన కొత్తలోనే పాత దిండు గలీబు చింపి, ఒక పేలిక కట్టింది. టామ్సిన్ అప్పుడు పక్కనే ఉంది.

చలికాలం చివర్లో మేం చేసుకునే దీపాల పండగకి ఊట దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పేలిక బురదలో పడి ఉంది. చీకిపోయి, నల్లబడి, ముట్టుకుంటే విడిపోయేలా ఉంది. టామ్సిన్ దాన్ని చూసింది.

మాలో పెద్దవాళ్ళు ఏదీ విడమరిచి చెప్పరు, చేసి చూపిస్తారు. పిల్లలు చూసిందానికి సొంత లెక్క కట్టుకుంటారు. టామ్సిన్ కట్టిన లెక్క ఇది: గుడ్డ పడిపోయింది, అందుకే నానమ్మ చెయ్యి బాగుపడలేదు. ఈసారి పడిపోనిది కట్టాలి.

ఎవర్నీ అడగలేదు. మా కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిది వెతికింది. దొరికింది.

పైగా ఆ వేసవిలో లెక్క సరిపోయినట్టే కనపడింది. జూన్‌లో మా అమ్మ చెంచా పట్టుకుంది. జులైలో చొక్కా గుండీ పెట్టుకుంది. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన రబ్బరు బంతిని రోజూ కూర్చుని నొక్కేది. టామ్సిన్ బంతిని చూడలేదు. బడి నుంచి వస్తూ ఊట దగ్గరికి వెళ్ళి రిబ్బన్‌ని చూసి వచ్చేది. రిబ్బన్ ఉంది, మెరుస్తోంది. ఆ రోజుకి ఆ పిల్లకి అది చాలు.

*

ఆగస్టులో కొత్త గోధుమల పండగ వచ్చింది. రొట్టె నేనే చేస్తానంది మా అమ్మ. టామ్సిన్ పిండి పిసికింది. వెన్నులు మాత్రం మా అమ్మే వణుకుతున్న వేళ్ళతో పెట్టింది. రొట్టె కొంచెం ఎడమకి ఒరిగింది.

"నానమ్మా, ఇది గోధుమ కట్టా, చీపురు కట్టా?" అన్నాడు జోరీ.

"చీపురేరా. నీ నోరు ఊడవడానికి," అంది మా అమ్మ.

అందరం నవ్వుకుంటూ ఊటకి బయల్దేరాం. మొదటి ముక్క చెట్టుకి పెట్టాలి. ఆ తర్వాతే మనం తినాలి.

చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి నవ్వు ఆగిపోయింది. ఊట మీదికి వంగిన కొమ్మ ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి. మిగతా చెట్టంతా పచ్చగా ఉంది. ఆ కొమ్మ ఒక్కటే కార్తె తప్పి అక్టోబరులో ఉన్నట్టుంది. దాని రెమ్మరెమ్మకీ ఎర్రటి రిబ్బన్లు మెరుస్తున్నాయి.

ఊటని చూసుకునేది మార్వెన్నా. ముసలావిడ. ఆమెని ఆ పనికి ఎవరూ పెట్టలేదు. నీళ్ళలో పడ్డ ఆకులు తీస్తుంది, గట్టు రాళ్ళు సర్దుతుంది. పిల్లలందరికీ ఆమె అవ్వే. ఆమె కొమ్మ వంచి, రిబ్బన్ కింద గోరు పెట్టి చూసింది. గోరు దూరలేదు. రెమ్మ వేసవిలో లావెక్కింది, రిబ్బన్ సాగలేదు. బెరడులోకి దిగిపోయింది.

"ఎవరివమ్మా ఇవి?" అంది.

పిల్లలు కాళ్ళ వైపు చూసుకున్నారు. జోరీ నమలడం ఆపి టామ్సిన్ వైపు చూశాడు. టామ్సిన్ రొట్టె వైపు చూసింది.

"సరే, అడగను," అంది మార్వెన్నా. "చెప్తాను, వినండి. గుడ్డ ఎందుకు కడతాం?"

"నొప్పి పోవడానికి," అన్నారు ఎవరో.

"ఎప్పుడు పోతుంది?"

మార్వెన్నా అందరి ముఖాలూ చూసి, తనే చెప్పింది.

"గుడ్డ చీకిపోయినప్పుడు. ఎండకీ వానకీ నాని, పోగు పోగు విడిపోయి, మట్టిలో పడుతుంది చూడండి, అప్పుడు. దాంతోపాటు నొప్పీ రాలిపోతుంది. రాలిన గుడ్డని చూసి మీ నానమ్మలు పండగ చేసుకునేవాళ్ళు. ఇది రాలేది కాదు. ప్లాస్టిక్. మనందరం పోయాక కూడా ఉంటుంది. మరి ఆ నొప్పి ఎక్కడికి పోవాలి? ఈ చెట్టే మొయ్యాలి."

టామ్సిన్ చెట్టు కింది మట్టి వైపు చూసింది. బురదలో పడ్డ ఆ పేలిక దానికి గుర్తొచ్చి ఉంటుంది.

"కత్తి ఉంది, కోసేద్దామా?" అన్నాను నేను.

"నువ్వు కట్టావా?"

"లేదు."

"అయితే ముట్టుకోకు. ఒకరు కట్టింది ఇంకొకరు తీస్తే వాళ్ళ నొప్పి మనకి అంటుకుంటుంది. అది నీకు తెలిసిందేగా. కట్టినవాళ్ళే రావాలి. ఆకు రాలే లోపు వస్తే కొమ్మ బతుకుతుందేమో. లేకపోతే కోసెయ్యాలి."

రొట్టెలో మొదటి ముక్క చెట్టు మొదట్లో పెట్టాం. మిగతాది తిన్నాం. టామ్సిన్ తన ముక్కని జేబులో పెట్టుకుంది.

*

ఇంటికి వచ్చాక నేను కొవ్వొత్తులు పెట్టెలో సర్దుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, నువ్వు అమ్మిన సరుకు చెడ్డదని తర్వాత తెలిసిందనుకో. ఏం చేస్తావు?"

"వెనక్కి తీసుకుంటాను. పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేస్తాను."

"పుచ్చుకున్నది తినేస్తే?"

అప్పుడు నాకు అర్థమైంది, మేలో అమ్మింది జుట్టు రిబ్బన్లు కాదని. కొవ్వొత్తి చేతిలోనే ఉండిపోయింది. పెట్టెలోకి చూశాను. ఆ రీలు ఖాళీ అట్ట ఇంకా ఉంది.

"తినేస్తే అలాంటిదే ఇంకోటి ఇవ్వాలి," అన్నాను.

"వాళ్ళు మన దగ్గరికి వస్తారా, మనం వెళ్ళాలా?"

"కొనడానికి వాళ్ళొస్తారు. వెనక్కి తీసుకోవడానికి మనమే వెళ్ళాలి."

"నువ్వు కూడా వస్తావా?"

"కొట్టు ఎవరిది?"

ఖాళీ అట్ట తీసి చేతిలో తిప్పింది. తర్వాత, "నాది," అంది.

మర్నాడు బుట్ట తగిలించుకుని బయల్దేరింది. గాజు పెంకు, ఈక, గోళీ, గంట అన్నీ బుట్టలో ఉన్నాయి. గడప గడపకీ వెళ్ళి ఒకటే మాట చెప్పింది: "నేనిచ్చిన రిబ్బన్ మంచిది కాదు. చెట్టుకి దెబ్బ తగిలింది. ఇదిగో నీది నువ్వు తీసుకో. వచ్చి కత్తిరించు."

ఒకమ్మాయి వెంటనే వచ్చింది. ఒకబ్బాయి గోళీ తీసుకుని, తను ఇచ్చింది ఇంతకంటే పెద్దదన్నాడు. టామ్సిన్ తన గోళీ ఇంకోటి కలిపి ఇచ్చింది. ఇంకొక ఇంట్లో రిబ్బన్ కట్టిన పిల్ల తల్లి తలుపు దగ్గరే నిలబెట్టి, చెట్లకి రిబ్బన్లు కట్టే పిచ్చి మా పిల్లకి అంటించింది నువ్వేనా అంది. "అవునండీ. విప్పించడానికి కూడా నేనే వచ్చాను," అంది టామ్సిన్. ఆవిడకి ఇంకేం అనాలో తోచక పిల్లని పంపింది.

అందరూ వచ్చి ఎవరిది వాళ్ళు కత్తిరించుకున్నారు. ఇక ఊళ్ళో మిగిలింది జోరీ.

టామ్సిన్ బేకరీ నుంచి కుంకుమపువ్వు బన్ను కొని తీసుకెళ్ళింది. వాడు ఇచ్చింది సగమే అయినా ఇది మొత్తం బన్ను. జోరీ తీసుకుని అక్కడే కొరికాడు.

"సరే పద, కత్తిరిద్దాం," అంది టామ్సిన్.

"నేను రాను."

"బన్ను తిన్నావు కదరా."

"బన్ను బన్నే. రిబ్బన్ రిబ్బనే." జోరీ బొటనవేలు చూపించాడు. "చూడు, ఉలిపిరికాయ పోయింది. నున్నగా ఉంది. ఇప్పుడు రిబ్బన్ తీసేస్తే మళ్ళీ మొలుస్తుంది."

"మొలవదు."

"నీకెలా తెలుసు?"

టామ్సిన్ వాడి వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీది తీశావా?" అన్నాడు జోరీ.

టామ్సిన్ బుట్ట సర్దుకుంది.

"తియ్యలేదు కదా. మీ నానమ్మ చేతికి కట్టావని నాకు తెలుసులే. మీ నానమ్మ చెయ్యి బాగుండాలి, నా వేలు మాత్రం పాడైపోవాలి. బలే వ్యాపారమే నీది."

అని తలుపు వేసుకున్నాడు. వాడు అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. టామ్సిన్ అందుకే ఏడుస్తూ ఇంటికి వచ్చింది.

*

మా అమ్మ వరండాలో కూర్చుని బంతి నొక్కుతోంది. టామ్సిన్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పింది. రీలు తీసుకోవడం, కొట్టు పెట్టడం, తన ముక్కని కొమ్మ మొదట్లో అందరికంటే ముందు కట్టడం.

మా అమ్మ అంతా విని, "నా చేతికి కట్టావా? నన్నొక మాట అడక్కూడదూ," అంది.

"నీ గుడ్డ పడిపోయింది కదా నానమ్మా. చూస్తే నువ్వు బాధపడతావని."

"పడిపోయిందా? నాకు చెప్పలేదేమే? నేను సంతోషపడి ఉండేదాన్ని."

టామ్సిన్ ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు నేను కట్టింది తీసేస్తే నీ చెయ్యి మళ్ళీ పోతుందా?"

నేను లోపలి నుంచి వింటున్నాను. పోదులే తల్లీ అని మా అమ్మ అంటుందనుకున్నాను. మేమంతా అలాగే అంటాం. ఆమె అనలేదు.

"ఏమోనే. నాకు తెలీదు," అంది. "రేపు పొద్దున ఇది ఎలా ఉంటుందో డాక్టరమ్మకే తెలీదు. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు మొండికేస్తుంది."

బంతి ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతిని తిప్పి చూసుకుంది. వేళ్ళు సగం ముడుచుకుని ఆగాయి.

"నాకు ఇంకో చెయ్యి ఉంది," అంది. "విప్పుకుందామంటే ఆ కొమ్మకి ఒక్కటీ లేదు."

టామ్సిన్ ఆ వేళ్ళని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత లేచి, గోడకి ఉన్న కత్తెర తీసుకుంది.

*

ఊట దగ్గరికి వెళ్తూ జోరీ తలుపు కొట్టింది.

"నాది కత్తిరించడానికి వెళ్తున్నాను. నువ్వు చూడు. చూసి నీ ఇష్టం."

జోరీ వెనకే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, దూరంగానే నిలబడ్డాను. మార్వెన్నా గట్టు మీద కూర్చుని ఉంది.

రిబ్బన్ కట్టినంత తేలిక కాదు తియ్యడం. టామ్సిన్‌ది కొమ్మ మొదట్లో ఉంది. కత్తెర మొన దూర్చడానికి చోటే లేదు. బలంగా పొడిస్తే బెరడు తెగుతుంది.

"ముడి దగ్గర మొదలుపెట్టు. అక్కడ కొంచెం ఎత్తుగా ఉంటుంది," అంది మార్వెన్నా. "తొందరపడకు."

టామ్సిన్ ముళ్ళు గీరుకుంటున్నా చెయ్యి తియ్యలేదు. ముడిని పోగు పోగుగా తెంపింది. చివరికి రిబ్బన్ ఊడి వచ్చింది. కింద కొమ్మ చుట్టూ తెల్లటి గాడి ఉంది, ఉంగరం తీశాక వేలికి మిగిలే గుర్తులాగా.

టామ్సిన్ ఆ గాడిని వేలితో తడిమింది.

జోరీ చెయ్యి చాపాడు. "కత్తెర ఇటివ్వు."

వాడిది చిన్న రెమ్మ. గబగబా కత్తిరించి, వెంటనే బొటనవేలు చూసుకున్నాడు.

"ఇంకా రాలేదు," అన్నాడు.

"అంత తొందరగా ఎలా వస్తుందిరా మొద్దూ."

ఇంక ఒక్కటి మిగిలింది. హెట్టీ కట్టింది. అన్నిటికంటే బిగుతుగా, మూడు ముళ్ళు వేసి ఉంది. ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఇంటి పేరు తెలీదు, వ్యాను నంబరు తెలీదు.

"అది నేను తీస్తాను," అంది మార్వెన్నా, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "నాకున్న నొప్పుల్లో ఇంకొకటి చేరితే పోయేదేముంది. కత్తెర ఇవ్వమ్మా."

టామ్సిన్ ఇవ్వలేదు.

"అమ్మింది నేను, అవ్వా."

"ఆ పిల్లకి ఏం నొప్పో నీకు తెలుసా?"

"తెలీదు."

"తీస్తే నీకే అంటుకుంటుంది. భయం లేదూ?"

"ఉంది," అంది టామ్సిన్.

నేను ఒక అడుగు ముందుకి వేశాను. మార్వెన్నా నా వైపు చూసింది. ఆగిపోయాను.

టామ్సిన్ మూడు ముళ్ళూ ఒక్కొక్కటే తెంపింది. రిబ్బన్ ఊడింది. దాన్ని మిగతా ముక్కలతో కలిపి బుట్టలో వేసుకుంది. గంట బుట్ట అడుగున చిన్నగా మోగింది.

*

ఆ తర్వాత కొన్ని నెలలు మా ఇంట్లో అదొక వింత. ఏది జరిగినా టామ్సిన్ ఒక్క క్షణం ఆగి ఆలోచించేది. పన్ను సలిపితే, "ఇదేనేమో," అనేది. బడిలో జారిపడితే, "ఇదేనేమో," అనేది. గొంతు బొంగురుపోతే మూడు రోజులు మంచం మీద గంభీరంగా పడుకుని హెట్టీ నొప్పి ఇదేనని తేల్చేసింది. అది జలుబు. ఇల్లంతా పట్టింది.

"ఫిర్యాదు చెయ్యాలనిపిస్తోందా?" అని అడిగాను ఒకసారి.

"ఎవరికి చెయ్యను? కొట్టు నాదే కదా."

మా అమ్మ చెయ్యి తను చెప్పినట్టే ఉంది. కొన్ని రోజులు బాగుండేది. జనవరి చలికి బిగుసుకుపోయింది, చెంచా మళ్ళీ జారింది. ఆ సాయంత్రం టామ్సిన్ కిటికీలోంచి ఊట వైపు చూడటం నేను గమనించాను. కానీ వెళ్ళలేదు. గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి, నానమ్మ చెయ్యి అందులో పెట్టి, ఒక్కొక్క వేలూ సాగదీస్తూ కూర్చుంది. రోజూ అదే పని. మార్చికి చెంచా మళ్ళీ నిలిచింది.

మళ్ళీ బెల్టేన్ వచ్చింది. మళ్ళీ ఆపిల్ పెట్టె, ఇప్పుడు నా దుకాణం పక్కనే, ఊట దారి మొదట్లో బోర్లా పడింది. ఈసారి దాని మీద రీలు లేదు. మా అమ్మ పాత నూలు ఏప్రన్ చింపిన పేలికలు ఉన్నాయి. పిండి మరకలు కూడా పోలేదు వాటికి.

"రండి రండి," అని అరుస్తోంది టామ్సిన్. "తొందరగా చిరుగుతుంది, రంగు పోతుంది, రెండు వానలకి కుళ్ళిపోతుంది."

"ఇలా అరిస్తే ఎవరొస్తారే?" అన్నాడు జోరీ. వాడు పెట్టె పక్కన కూర్చుని సాయం చేస్తున్నాడు, అంటే బన్ను తింటున్నాడు. ఉలిపిరికాయ మళ్ళీ రాలేదు. ఎడమ చేతి మీద కొత్తది వచ్చింది. ఈసారి పేలిక కట్టుకున్నాడు.

"ఎంత?" అన్నారు ఎవరో.

టామ్సిన్ తల ఎత్తింది. హెట్టీ. ఏడాదిలో జానెడు పెరిగింది.

టామ్సిన్ లేచి నిలబడింది. జేబులోంచి ఇత్తడి గంట తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇదేంటి?" అంది హెట్టీ.

"నీదే. నేనిచ్చిన రిబ్బన్ చెడ్డది. చెట్టుకి దెబ్బ తగిలింది. నువ్వెక్కడున్నావో తెలీక నేనే తీసేశాను." ఊపిరి పీల్చుకుంది. "నీకేం నొప్పి ఉండేది?"

"నొప్పా?"

"రిబ్బన్ కట్టావు కదా. దేనికి?"

హెట్టీ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "ఊరికే కట్టాను. మెరుస్తోంది కదా, బాగుందని."

జోరీకి బన్ను పొలమారింది. టామ్సిన్ ఇన్ని నెలలూ మోసిన బరువు అక్కడ, ఆ దారి మీద, ఏమీ కాకుండా పోయింది. టామ్సిన్ నోరు తెరిచి, మూసి, చివరికి పెట్టె మీద కూలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. హెట్టీకి ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వింది.

"ఈసారి ఏదైనా నొప్పి ఉందా?" అని అడిగింది టామ్సిన్, కళ్ళు తుడుచుకుని.

"కొత్త చెప్పు కరిచింది. మడమ దగ్గర."

"అది చాలు. ఇదిగో. డబ్బులొద్దు, గంటా వద్దు. ఊటలో రాలిన ఆకులు ఒక దోసెడు తీసెయ్. పద, ఎలా కట్టాలో చూపిస్తాను."

ఇద్దరూ ఊట దగ్గరికి వెళ్ళారు. నేను దుకాణం జోరీకి అప్పగించి వెనకే వెళ్ళాను. తేనె సీసాల దగ్గర వాణ్ణి వదలడం నష్టమని తెలిసీ వెళ్ళాను.

హెట్టీ గుడ్డ ముంచి, మడమకి అద్దుకుని, రెమ్మకి కట్టింది. బిగించబోతుంటే టామ్సిన్ ఆపింది. ముడి కింద తన చిటికెన వేలు దూర్చి, అటూ ఇటూ ఆడించి, వేలు తేలిగ్గా బయటికి వచ్చేదాకా వదులు చేసింది.

ఇక చివరి లెక్క. రీలు పోయింది. గాజు పెంకు, ఈక, గంట ఎవరివి వాళ్ళకి చేరాయి. గోళీలు రెండు పోయాయి, బన్ను సగం ఎక్కువ పోయింది, తేనె సీసా కూడా ఒకటి పోయిందని తర్వాత తెలిసింది. ఊట మీది కొమ్మలో చివరి సగం ఎండిపోయింది. మార్వెన్నా దాన్ని కోసేసింది. మొదటి సగం గాడి చుట్టూ కొత్త బెరడు కప్పుకుని, ఆ రోజు తెల్లగా పూసి ఉంది. మా అమ్మ దాని కింద కూర్చుని, రాలిన పూలు కుడి చేత్తో ఒక్కొక్కటే ఏరుతోంది.

అన్నీ కూడి, తీసి చూశాను. మిగులే.